ఎకరాల రైతుకి హెక్టారు లెక్క

ప్రశ్న: మాస్టారూ, రాజోలు దగ్గర ఒక ఊళ్లో వ్యవసాయ సహాయకురాలిగా పనిచేస్తున్నాను. దాళ్వా (రబీ వరి) రైతులకు పంచడానికి కరపత్రం రాశాను. మా ఆఫీసరుగారు "మరీ వాడుక మాటల్లో ఉంది, బరువు లేదు" అని దిద్దారు. దిద్దినదాన్ని చూసి రైతులేమో "ఇందులో ఏముందో నువ్వే చెప్పెయ్యమ్మా" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీరు పంపిన, ఆఫీసరుగారు దిద్దిన కాగితం మొదటి వాక్యం దగ్గరే నేనూ ఆగిపోయానమ్మా. "హెక్టారునకు 120 కిలోల నత్రజని మూడు దఫాలుగా వేయవలెను." మన కోనసీమలో హెక్టార్లలో మాట్లాడే రైతు ఎవరు? ఆయన లెక్కంతా ఎకరాలూ సెంట్లూ. కొట్టుకెళ్లి నత్రజని అడగడు, యూరియా కట్ట అడుగుతాడు. హెక్టారంటే 2.47 ఎకరాలు, యూరియాలో నత్రజని 46 శాతం, కట్ట 45 కిలోలు. క్యాలెండర్ వెనకాల గుణించి చూస్తే ఎకరానికి దాదాపు 105 కిలోల యూరియా, అంటే రెండు కట్టల మీద 15 కిలోలు తేలింది. మూడు దఫాలూ సమానమైతే దఫాకి 35 కిలోలు. (డీఏపీ ఎరువు వేసినవాళ్లు అందులో ఉన్న నత్రజని తీసేసుకోవాలి, అదీ ఒక ముక్క రాయండి.) మోతాదు మంచిచెడ్డలు శాస్త్రవేత్తలు చూసుకుంటారు, నాకు తెలిసింది వాక్యం. గట్టు మీద నిలబడ్డ మనిషి చేత ఇంత గుణకారం చేయించకుండా మీరే చేసి పెట్టండి.

రెండోది: "సుడిదోమ ఉధృతి గమనించిన యెడల మొదళ్ళు తడియునట్లు పిచికారీ చేయబడవలెను." (సుడిదోమంటే వరి మొదళ్లలో చేరి రసం పీల్చే పురుగు.) ఎవరు చేయాలి? ఎక్కడ గమనించాలి? నేనైతే ఇలా రాస్తాను: "దుబ్బు విడదీసి మొదట్లో, నీటికి కాస్త పైన చూడండి. దోమ కనపడితే ముందు చేలో నీరు తీసెయ్యండి. మందు కొట్టేటప్పుడు మొదళ్లు తడవాలి." మందు పేరు మాత్రం డబ్బా మీద ఎలా ఉందో అలాగే వెయ్యండి, ఎంత నోరు తిరక్కపోయినా సరే. ఆ కాగితమే కొట్లో చూపిస్తారు మరి.

ఈ సలహాలిస్తున్నవాడు తక్కువ తప్పులు చెయ్యలేదు. పత్రికలో పనిచేసే రోజుల్లో కాలువల కట్టివేత వార్తకి "15 వరకు నీరు" అని శీర్షిక పెట్టాను. మర్నాడు పొద్దున్నే గొడుగేసుకుని ఒక పెద్దాయన ఆఫీసుకొచ్చాడు. "పదిహేనో తారీఖున నీళ్లుంటాయా, ఉండవా బాబూ? నా చేను ఇంకా పాలు పోసుకుంటోందండి ఆయ్" అన్నాడు. నాకూ తెలీదు! ఫోన్ చేసి కనుక్కుంటే 14 రాత్రితో సరి. ఆ తర్వాత శీర్షికలో "వరకు" రాయాలంటే చెయ్యి ఆగేది.

మీ ఆఫీసరుగారినీ తీసిపారెయ్యలేం. పైకి పంపే నివేదికలో హెక్టార్లే ఉండాలి, వరి రకాన్ని ఎంటీయూ 7029 అనే రాయాలి. మార్టేరు పరిశోధన స్థానం పెట్టిన పేరది. చేలో మాత్రం దాన్ని స్వర్ణ అంటారు, సార్వా (ఖరీఫ్) కరపత్రం రాసినప్పుడు అలాగే అనండి. కాగితాలు రెండు రాస్తే ఇద్దరితోనూ పేచీ ఉండదు.

అచ్చుకిచ్చే ముందు ఒక రైతు చేతికిచ్చి పైకి చదవమనండి. ఆయన ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిల్ గీత పెట్టుకోండి. అక్షరాలు కాస్త పెద్దవి వేయించండి, కళ్లజోడు ఇంట్లో వదిలేసి చేలోకొచ్చేవాళ్లే ఎక్కువ.