తీర్పు చెప్పే పెద్దలకు ముందుగా చెప్పవలసినవి

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

వలల తగాదాతో విడిపోయిన రెండు మత్స్యకార పల్లెల్లో పెద్దల సభను మళ్ళీ నిలబెట్టే పని నీకు అప్పగించారని, దాన్ని ఎలా బలపరచాలో చెప్పమని రాశావు. వకీలుగా ఉన్న కాలంలోనూ, ఆ తరువాత లోక్ అదాలత్ బెంచీల్లో కూర్చున్నప్పుడూ నాకు రూఢి అయిన సంగతి ఒకటుంది. ఊరి తీర్పు నచ్చనివాడికి కోర్టుకు వెళ్ళే దారి తెరిచి ఉన్నప్పుడే ఆ తీర్పుకు విలువ ఉంటుంది. పెద్దల మాటే ఆఖరు అన్నచోట, బలం లేనివాడు సభకు వచ్చినా నోరు విప్పడు.

2022 జనవరిలో రింగు వలల (చేపల గుంపును చుట్టివేసే పెద్ద వలల) విషయమై మన తీరంలో పల్లెల మధ్య ఘర్షణ జరిగి, పడవలు తగలబడి, 144వ సెక్షన్ పెట్టేదాకా వెళ్ళిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. అటువంటి గొడవను విప్పి చూస్తే లోపల వేరువేరు తగాదాలు కనబడతాయి. ఏ వల ఒడ్డుకు ఎంత దూరంలో వేయాలన్నది 1994 నాటి రాష్ట్ర సముద్ర మత్స్య నియంత్రణ చట్టం ప్రకారం ప్రభుత్వం తేల్చవలసిన విషయం. పడవకు నిప్పు పెట్టడం నేరం. కాలిపోయిన ఇంజనుకు డబ్బు రాబట్టుకోవడం సివిల్ వ్యవహారం. వియ్యాలవారి మధ్య మాటలు ఆగిపోవడం, పెళ్ళికి పిలుపులు మానుకోవడం పూర్తిగా ఊరి సంగతి. సభ చేతిలో పెట్టదగినవి చివరి రెండే.

నేరం విషయంలో మొదటి రోజే ఖండితంగా చెప్పు. దెబ్బలాటలో తగిలిన చిన్న గాయం వంటివి బాధితుడు ఒప్పుకుంటే రాజీ పడతాయి. నిప్పు పెట్టడం రాజీ చేసుకోదగిన నేరాల జాబితాలో లేదు. రాజీకి వీలులేని నేరాన్ని లోక్ అదాలత్ కూడా ముట్టుకోకూడదని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టమే చెబుతోంది. అయినా "కేసు మేం కొట్టించేస్తాం" అని హామీ ఇచ్చే పెద్దమనిషి ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు. ఆ హామీ నమ్మి సాక్ష్యం మార్చినవాడు తానే చిక్కుల్లో పడతాడు. ఆడపిల్ల మీద చెయ్యి వేసిన కేసును పరువు పేరుతో సభకు లాక్కొచ్చే ప్రయత్నం కూడా జరుగుతుంది. దాన్ని విననే వినవద్దు.

బయటి దేశాల అనుభవం రెండు ముక్కల్లో చెబుతాను. రువాండాలో 1994 మారణహోమం తరువాత జైళ్ళు కిక్కిరిసిపోయి, ఉన్న కోర్టులతో ఆ కేసులు ఎప్పటికీ తెమలవని తేలినప్పుడు, గచాచా అనే ఊరి సభలకు చట్టరూపం ఇచ్చారు. 2012లో మూసేనాటికి దాదాపు 12 వేల సభలు 19 లక్షలకు పైగా కేసులు తేల్చాయి. అంత పని మరో పద్ధతిలో అయ్యేది కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ నిందితుడికి వకీలు లేడు, గెలిచిన పక్షం సైనికులు చేసిన హత్యలు ఆ సభల ముందుకు రానేలేదు. నీ సభలో మొదటి వారంలోనే రెండు పల్లెల ఫిర్యాదులూ పక్కపక్కన రాయించు.

తూర్పు తిమోర్ పట్టిన దారి నాకు ఎక్కువ నచ్చింది. ఆ దేశ స్వాతంత్ర్యం మీద ఓటింగు సందర్భంగా చెలరేగిన 1999 హింస తరువాత హత్యలు, అత్యాచారాలు ప్రాసిక్యూటరుకు వదిలి, చిన్న నేరాలను ఊళ్ళో పెద్ద చాప పరచి విన్నారు. అక్కడ కుదిరిన ఒప్పందాన్ని జిల్లా కోర్టు ఆమోదిస్తే అది కోర్టు ఉత్తర్వు అయ్యేది. (వాళ్ళు ఇల్లు తగలబెట్టడాన్ని కూడా ఊరికి వదిలారు. మన చట్టం వదలదు, ఆ తేడా మరువకు.)

మన దగ్గర ఆ ముద్ర వేసే పని లోక్ అదాలత్‌ది. సభలో కుదిరిన నష్టపరిహారపు రాజీని, కేసు వేయకముందే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తుగా పెట్టించవచ్చు. అక్కడ అవార్డు (రాజీ ప్రకారం ఇచ్చే తీర్పు) అయితే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. అప్పీలు లేదు కనుకనే, ఇష్టం లేకపోతే సంతకం పెట్టనక్కరలేదని, కోర్టుకు పోవచ్చని, ఇరుపక్షాలకూ విడివిడిగా, పెద్దలు పక్కన లేనప్పుడు చెప్పాలి. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారని, 15100కు ఫోన్ చేస్తే చాలునని సభ జరిగే అరుగు గోడమీద పెద్ద అక్షరాలతో రాయించు. 2023 మధ్యవర్తిత్వ చట్టంలో ఇరుగుపొరుగు శాంతికి సంబంధించిన తగాదాలకు ముగ్గురు మధ్యవర్తుల ఏర్పాటు రాసి ఉంది గానీ, అలా కుదిరిన ఒప్పందం డిక్రీలా అమలు కాదని కూడా అందులోనే ఉంది. ఆ అధ్యాయం అమల్లోకి వచ్చిందో లేదో చూసుకో. ఏమైనా, డబ్బు చేతులు మారవలసిన రాజీకి లోక్ అదాలతే మేలు.

ఇక కాగితం సంగతి. నా చేతికి వచ్చిన రాజీ పత్రాల్లో చాలావాటిలో "ఇరువర్గాలవారు పెద్దల సమక్షంలో రాజీపడినారు" అన్న ఒక్క వాక్యం, కింద పెద్దల సంతకాలు, మూలన వేలిముద్రలు తప్ప ఏమీ ఉండేది కాదు. ఆరు నెలలకు మళ్ళీ గొడవ మొదలయ్యేది. ఎవరి పడవ, దాని రిజిస్ట్రేషన్ నెంబరు, ఇంజను ఎన్ని గుర్రాలది, ఎన్ని వలలు పోయాయి, ఎవరు ఎంత ఇవ్వాలి, ఏ తేదీకి, ఇవ్వకపోతే తరువాత ఏమిటి అన్నవన్నీ రాయించు. రాసింది బిగ్గరగా చదివించి, వేలిముద్ర వేసేవాళ్ళ ఇంటి చదువుకున్న పిల్లల చేత మరొకసారి చదివించు. ఒక్కో నకలు ఇరుపక్షాల ఇళ్ళలోనూ ఉండాలి.

తప్పు కింద కట్టించిన సొమ్ము రామాలయానికో, ఊరి ఉమ్మడి నిధికో పోవడం నేను చాలాచోట్ల చూశాను. పడవ కాలినవాడు అప్పటికీ ఇంకొకరి పడవలో కూలికి పోతూనే ఉంటాడు. ముందు నష్టపోయినవాడి చేతికి, ఆ తరువాతే దేవుడికి. పెద్దలు దీనికి గొణుగుతారు, గొణగనీ. వెలి వేయడం మాత్రం ఎంత చిన్న రూపంలోనూ ఒప్పుకోవద్దు.

సభలో ఆడవాళ్ళను నామమాత్రంగా కూర్చోబెట్టవద్దు. చేపల డబ్బు లెక్క వాళ్ళ దగ్గరే ఉంటుంది, ఏ ఇంటికి ఎంత నష్టమో వాళ్ళకే తెలుసు. పొద్దున్నే గంపలు ఎత్తుకుని అమ్మకానికి పోతారు కాబట్టి సభ సాయంత్రం పెట్టు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మగవాళ్ళు దొరుకుతారు. విచారణలకు అంతకంటే అనువైన కాలం లేదు. అయితే ఆ రోజుల్లో ఎవరి చేతిలోనూ డబ్బు ఆడదు, కనుక చెల్లింపు వాయిదా ఒక్కటి కూడా ఆ తేదీల మధ్య పడకుండా చూడు. మొదటి వాయిదా ఆగస్టు తరువాత పెట్టు. రాజీ పత్రం ముసాయిదా తయారయ్యాక నాకు పంపు, చదివి పంపిస్తాను.

ఇట్లు,
పెదనాన్న