గురుప్రీత్ మీద ఇంకా ఎన్నాళ్ళు కొట్టుకుందాం?

ఈ నెల ఉత్తరాల్లో క్రికెట్‌వి పక్కన పెడితే మిగిలినవి దాదాపు అన్నీ ఒక్క మనిషి గురించే, మన ఇండియా ఫుట్‌బాల్ టీమ్ గోల్‌కీపర్ గురుప్రీత్ సింగ్ సంధు. పొగిడినవాళ్ళు ఇద్దరంటే ఇద్దరు, మిగతావాళ్ళంతా తిట్టినవాళ్ళే. సరే, ఈసారి కాలమ్ మొత్తం ఆయనకే ఇచ్చేస్తున్నా, చెస్ వాళ్ళూ బ్యాడ్మింటన్ వాళ్ళూ ఏమనుకోకండి, వచ్చే నెల మీదే.

ప్రశ్న: సార్, 2024 నవంబర్‌లో గచ్చిబౌలిలో ఇండియా, మలేసియా మ్యాచ్‌కి మా తమ్ముణ్ణి తీసుకుని వెళ్ళాను. 19వ నిమిషంలో గురుప్రీత్ ఎందుకో గోల్ వదిలేసి బయటికి ఉరికొచ్చాడు, బంతి అందలేదు, వాళ్ళ పాలో జోస్వే తీరిగ్గా ఖాళీ గోల్‌లోకి కొట్టేశాడు. ఆ రోజు నుంచి ఇంట్లో గొడవే. ఈయన్ని ఎప్పుడో పక్కన పెట్టాల్సిందని నేను, ఇండియాలో ఈయన్ని మించినోడు లేడని వాడు. తీర్పు మీరే చెప్పండి.
(ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: తీర్పు మీ తమ్ముడి వైపే, కానీ వాడు చెప్పే కారణం సగమే కరెక్టు.

కీపర్ ఉద్యోగం ఒకటి కాదండీ, రెండు. గోల్ లైన్ మీద నిలబడి వచ్చిన షాట్ ఆపడం ఒకటి, లైన్ వదిలి ముందుకొచ్చి బంతి మన గోల్ దాకా రాకుండానే పని కానిచ్చెయ్యడం ఇంకోటి. మొదటి దాంట్లో గురుప్రీత్ ఇప్పటికీ మన దేశంలో నంబర్ వన్, ఈ మాట నేను స్టాంపు కాగితం మీద రాసిస్తా. 2019 సెప్టెంబర్ 10, దోహా. ఎదురుగా ఖతార్, అప్పుడు వాళ్ళు ఆసియా ఛాంపియన్లు, మనకేమో మామూలుగా కెప్టెన్‌గా ఉండే సునీల్ ఛెత్రి లేడు, ఈయనే కెప్టెన్. రాత్రంతా షాట్లు వస్తూనే ఉన్నాయి, ఈయన ఆపుతూనే ఉన్నాడు, 0-0 అయ్యింది. ఆ మ్యాచ్ చూసినవాళ్ళు ఈయన్ని తిట్టేటప్పుడు కూడా కొంచెం గొంతు తగ్గిస్తారు. 2023 శాఫ్ కప్పులో (దక్షిణాసియా టోర్నీ) సెమీస్‌లో లెబనాన్ మీద, ఫైనల్లో కువైట్ మీద రెండూ పెనాల్టీ షూటౌట్లే, రెండింట్లోనూ ఈయన చెయ్యి పడింది, ఫైనల్లో అయితే ఆఖరి కిక్ ఆపాకే కప్పు మనదయ్యింది.

ఇక రెండో ఉద్యోగం దగ్గరికి వస్తే మీ వాదనే గెలుస్తుంది. ఒక్క 2024లోనే చూడండి. జనవరిలో ఆసియా కప్, ఆస్ట్రేలియాతో హాఫ్‌టైమ్ దాకా 0-0 తో నెట్టుకొచ్చాం, 50వ నిమిషంలో కుడి పక్క నుంచి గోల్ ముందుకి క్రాస్ (పక్క నుంచి కొట్టే పాస్) వచ్చింది, ఈయన ముందుకొచ్చి చెయ్యి తగిలించాడు కానీ బంతి దూరం పోలేదు, పోయి నేరుగా జాక్సన్ ఇర్విన్ ముందు పడింది, గోల్. మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్, స్కోరు 1-1, ఇంకో కాసేపు ఓపిక పడితే కనీసం డ్రా, ఈయన బయటికొచ్చి వాళ్ళ ఫార్వర్డ్‌ని గుద్దేశాడు, 88వ నిమిషంలో పెనాల్టీ, ఓడిపోయాం, అదీ ఛెత్రి 150వ మ్యాచ్‌లో. నవంబర్‌లో మీరు చూసిన మలేసియా గోల్. మూడూ ఒకే జబ్బు.

ఆ మలేసియా గోల్‌కి నేనూ స్టేడియంలోనే ఉన్నా, టీవీలో కనపడనిది ఒకటి పైనుంచి బాగా కనపడింది. వెనక నుంచి పొడుగు బంతి లేచింది, మన డిఫెండర్లు ముందుకి జరిగి ఉన్నారు, వాళ్ళ వెనకంతా ఖాళీ మైదానం. ఆ ఖాళీకి కాపలా కీపరే. బంతి గాల్లో ఉన్నప్పుడే లెక్క తేల్చుకోవాలి, నేను ముందు చేరతానా వాడు ముందు చేరతాడా అని, దానికి ఉండే టైము ఒక్క సెకను. చేరలేను అనిపిస్తే వెనక్కి తగ్గి, నిలబడి, స్ట్రైకర్‌నే కష్టపడనివ్వాలి, ఎందుకంటే ఎదురుగా ఆరడుగులు దాటిన మనిషి చేతులు చాపి నిలబడితే ఎంత మంచి ఫార్వర్డ్‌కైనా గోల్ చిన్నదైపోతుంది. గురుప్రీత్ చేసింది ఆ రెండూ కాదు. బయల్దేరాడు, మధ్యలో ఆ బంతి పడి లేచే తీరు తప్పుగా అంచనా వేశాడు, అప్పటికి వెనక్కి పోలేడు, ముందుకెళ్ళి లాభం లేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటామే, గచ్చిబౌలి పచ్చిక మీద అచ్చం అదే. ఆ క్షణం స్టేడియంలో అరుపులు కూడా లేవు, అందరూ ఒకేసారి ఊపిరి పీల్చిన చప్పుడు ఒకటి వచ్చింది అంతే.

మీ తమ్ముడి తరఫున మాత్రం ఇంకో ముక్క చెప్పాలి. ఆ ఆసియా కప్పులో మనం మూడు మ్యాచ్‌లు ఆడి కొట్టిన గోల్స్ ఎన్ని? సున్నా. 2024 సంవత్సరం మొత్తంలో గెలిచిన మ్యాచ్‌లు ఎన్ని? అదీ సున్నానే. అత్త పగలగొడితే అడుగోటి కుండ, కోడలు పగలగొడితే కొత్త కుండ అన్నట్టు, స్ట్రైకర్ ఎదురుగా ఉన్న గోల్‌లో కొట్టలేకపోతే అయ్యో జస్ట్ మిస్ అంటాం, కీపర్ ఒక్కసారి జారితే వీడియో కట్ చేసి సంవత్సరం పాటు తిప్పుతాం. మనం మ్యాచ్‌కి రెండు గోల్స్ కొట్టే టీమ్ అయ్యుంటే ఆ మలేసియా గోల్ మీకు ఇప్పటికి గుర్తుండేదే కాదు. అదృష్టం బాగుండి ఆ రోజు రాహుల్ భేకే హెడర్ కొట్టాడు కాబట్టి 1-1 తో ఇంటికొచ్చాం.

అందుకే నా మాట, తియ్యొద్దు, కానీ బయటికి రావడం తగ్గించమని గట్టిగా చెప్పాలి. ఆయన బయటికి రావాల్సిన అవసరం పడకుండా డిఫెన్స్ లైను ఇంకో పది గజాలు వెనక నిలబెట్టాలి. అది కోచ్ పని, కీపర్ పని కాదు.

ప్రశ్న: ఇంకో కీపర్ విశాల్ కైత్‌కి ఐఎస్ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) కీపర్లకి ఇచ్చే గోల్డెన్ గ్లవ్ అవార్డు వస్తుంది, కప్పులూ వస్తున్నాయి, ఇంకేం కావాలి? సీనియర్ అని గురుప్రీత్‌నే మొయ్యడం మన దేశంలో మామూలే కదా.
(ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: మొయ్యలేదమ్మా, మార్చారు కూడా. మలేసియా మ్యాచ్ తర్వాత అప్పటి ఇండియా కోచ్ మనోలో మార్కెజ్ కైత్‌కే గ్లవ్స్ ఇచ్చాడు. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో ఆట మొదలైన మొదటి నిమిషంలోనే కైత్ పాస్ నేరుగా అవతలివాడి కాళ్ళ దగ్గరికే వెళ్ళింది, వాడు బయటికి కొట్టాడు కాబట్టి బతికిపోయాం, 0-0. జూన్‌లో హాంకాంగ్, అక్కడా 0-0 నడుస్తోంది, 90 నిమిషాలు దాటాక కలిపే ఇంజురీ టైమ్ లెండి, కైత్ బయటికొచ్చి బంతిని గుద్దబోయి మనిషిని గుద్దాడు, పెనాల్టీ, 1-0 ఓటమి. చూడండి, గువాహటిలో గురుప్రీత్ చేసిందే కదా ఇది, జెర్సీ మీద పేరొక్కటే వేరు. అందుకే నాకు మనుషుల మీద కంటే మన కీపర్లకి ఇచ్చే ట్రైనింగ్ మీదే అనుమానం ఎక్కువ.

గోల్డెన్ గ్లవ్ సంగతి. కైత్ మంచి కీపరే, 2022-23 లోనూ 2024-25 లోనూ ఆ అవార్డు తీసుకున్నాడు, 2023 ఐఎస్ఎల్ ఫైనల్ షూటౌట్‌లో అవతల గోల్‌లో ఉన్నది గురుప్రీతే, గెలిచింది కైత్ టీమే, 2025 ఫైనల్లోనూ అంతే, ఈసారి షూటౌట్ లేకుండానే. కాకపోతే క్లీన్ షీట్ (ఒక్క గోల్ కూడా పడని మ్యాచ్) అనేది సగం డిఫెండర్ల సొమ్ము. కైత్ ఆడే మోహన్ బగాన్ లాంటి టీమ్‌లో మ్యాచ్ మొత్తానికి రెండు షాట్లు వస్తాయి, అవీ దూరం నుంచి. నేషనల్ టీమ్‌లో ఇరాన్ లాంటోళ్ళు వస్తే పదీ పన్నెండు, అందులో సగం ఆరు గజాల నుంచి. వంద షాట్లలో ఎన్ని ఆపాడు అనే పర్సెంటేజీ కూడా అంతే మోసం, చేతుల్లోకి వచ్చిన బంతీ, పై మూలకి దూసుకెళ్ళే బంతీ దాంట్లో ఒకటే లెక్క. ఇప్పుడు క్లబ్బులు చూసేది వేరే, వచ్చిన షాట్లు ఒక్కొక్కటీ ఎంత కష్టమో లెక్కేసి, మామూలు కీపర్‌కి ఇన్ని గోల్స్ పడాలి, ఇతనికి ఎన్ని పడ్డాయి అని తీసేస్తారు. తక్కువ పడితే మంచి కీపర్. మీరు కూడా ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు స్కోరు వదిలేసి, ఇది మామూలోడు ఆపేదేనా అని ఒక్కో షాట్‌కీ అడిగి చూడండి, మజా ఉంటుంది.

మళ్ళీ 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ కోచ్‌గా వచ్చి గురుప్రీత్‌నే తెచ్చుకున్నాడు. కాఫా నేషన్స్ కప్పులో (మధ్య ఆసియా టోర్నీ) తజికిస్తాన్‌ని వాళ్ళ ఊళ్ళోనే 2-1 తో కొట్టాం, అందులో ఈయన పెనాల్టీ ఆపాడు, మూడో స్థానం మ్యాచ్‌లో ఒమన్ మీద షూటౌట్‌లో ఆఖరి కిక్కూ ఈయనే ఆపాడు. అక్టోబర్‌లో మార్గావ్‌లో సింగపూర్ చేతిలో 2-1 ఓడి 2027 ఆసియా కప్ ఆశ పోయింది, అప్పుడు మళ్ళీ ఈయన పేరే బయటికి తీశారు. ఇంటి ముందు లైటు ఆరినా గురుప్రీతే కారణం అనేలా ఉన్నారు మనోళ్ళు.

ప్రశ్న: ఆరున్నర అడుగులకి దగ్గర ఉన్న మనిషి, చేతులు పైకెత్తితే గోల్ బార్ దాటిపోతాయి, అలాంటోడు ఒక క్రాస్ పట్టుకోలేడా?
(ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: గోల్ ఎత్తు 2.44 మీటర్లు, వెడల్పు 7.32 మీటర్లు. ఎత్తు సమస్య పొడుగోళ్ళకి ఎప్పుడూ లేదండీ, ఆ వెడల్పే సమస్య. పొడుగు మనిషి కిందకి పడటానికి టైము ఎక్కువ పడుతుంది, కాళ్ళ పక్క నుంచి నేల మీద పోయే బంతులు అందుకే వాళ్ళకి కష్టం. ఇక క్రాస్ అంటే చేతుల పొడవు కాదు, టైమింగు. బాక్సులో పదిమంది ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటుంటే ఆ గుంపులోంచి దారి చేసుకుని, ఒంటి కాలి మీద లేచి, బంతి అన్నిటికంటే పైన ఉన్నప్పుడు తాకాలి. పట్టుకోవాలా, పంచ్ చెయ్యాలా అనేది లేవకముందే తేల్చుకోవాలి. పంచ్ అయితే రెండు పిడికిళ్ళూ కలిపి, వచ్చిన వైపుకో, పక్క లైను వైపుకో పంపాలి, గోల్ ఎదురుగా మధ్యలో మాత్రం పడకూడదు. ఆస్ట్రేలియాతో పడింది సరిగ్గా ఆ మధ్యలోనే. పట్టబోయి మనసు మార్చుకున్న చెయ్యి అది, రీప్లే ఆపి చూస్తే వేళ్ళు సగం తెరుచుకుని కనపడతాయి.

ప్రశ్న: బాబూ, నేను అలనాటి ఇండియా కీపర్ పీటర్ తంగరాజ్‌ని కళ్ళారా చూసినవాణ్ణి. ఇప్పటివాళ్ళు ఆయన గోటికి సరిపోతారా?
(ఒక పెద్దాయన, సికింద్రాబాద్)

జవాబు: పెద్దవారు, మీతో వాదన పెట్టుకోను. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో కొరియాని 2-1 తో కొట్టినప్పుడు గోల్‌లో ఉన్నది ఆయన, కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్, ఆ జోడీ గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. ఒక్కటే మనవి. ఆయన కాలంలో మన డిఫెండర్ బంతి వెనక్కి ఇస్తే కీపర్ హాయిగా చేత్తో పట్టేసుకునేవాడు, 1992 నుంచి అది కుదరదు, కాళ్ళతో ఆడాల్సిందే. ఇప్పుడు 8 సెకన్లకి మించి బంతి చేతిలో పెట్టుకుంటే అవతలివాళ్ళకి కార్నర్ ఇచ్చేస్తున్నారు. తంగరాజ్ గారైతే ఇవీ నేర్చుకునేవారే, కానీ ఉద్యోగం మాత్రం అదే ఉద్యోగం కాదండీ. ఆయన ఆట గురించి మీకు గుర్తున్నవి ఒక రెండు పేజీలు రాసి పంపండి, మార్చకుండా వేస్తాం.

ప్రశ్న: అన్నా, నేను కాలేజీ టీమ్ కీపర్‌ని. పోయిన మ్యాచ్‌లో బయటికొచ్చి మిస్ అయ్యా, ఓడిపోయాం. అప్పట్నుంచి లైన్ దాటాలంటే కాళ్ళు రావట్లేదు.
(ఒక విద్యార్థి, కరీంనగర్)

జవాబు: తమ్ముడూ, ఎంత దూరం వచ్చి మిస్ అయ్యావో రాయలేదు, అదే ముఖ్యం. ప్రాక్టీసులో ఇలా చెయ్యి. ఒక ఫ్రెండ్‌ని నలభై గజాల దూరం నుంచి పొడుగు బంతులు కొట్టమను, ఇంకొకడిని దాని వెనక పరిగెత్తమను. నువ్వు బంతి గాల్లో ఉండగానే వస్తా అనో ఉంటా అనో గట్టిగా అరవాలి. అరిచాక మార్చకూడదు, తప్పయినా సరే. ఇరవై బంతులకి ఎన్నిసార్లు కరెక్టుగా అరిచావో ఒక పుస్తకంలో రాసుకో, ఆపావా లేదా అనేది రాయకు. వచ్చినప్పుడు మోకాలు ముందుపెట్టి మనిషి మీదికి దూకకు, పక్కకి పడుకుని చేతులు ముందు పెట్టు, పెనాల్టీ ప్రమాదం సగం పోతుంది. గురుప్రీత్ కూడా 2014లో నార్వేలో స్టాబెక్ క్లబ్బుకి వెళ్ళి చాలాకాలం బెంచీ మీదే కూర్చున్నాడు, అక్కడ నుంచే 2016లో యూరప్ క్లబ్బుల టోర్నీ యూరోపా లీగ్ క్వాలిఫయింగ్‌లో ఆడిన మొదటి ఇండియన్ అయ్యాడు. నెల తర్వాత ఆ పుస్తకంలో లెక్క ఎంతొచ్చిందో రాయి.