మిద్దె మీద పండిన మిరపకాయలతో పచ్చడి పట్టబోతున్న అమ్మాయికి

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అమ్మాయిని పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మీ మిద్దె మీద కుండీలలో మిరపకాయలు పండుతున్నాయనీ, ఈ ఏడాది పచ్చళ్లు కొనకుండా నువ్వే పట్టాలనుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు ఎంత సంతోషం కలిగిందో అంత దిగులూ పుట్టింది. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ మిరప, టమాటా, గోంగూర, దోస పెంచి కాపు తీసిన పిల్ల మన ఇంట్లో నువ్వొక్కదానివే. ఆ మాట ఇక్కడ వీధిలో అందరికీ చెప్పుకున్నాను. దిగులెందుకంటే, సొంత కాపుతో నిలవ పచ్చడి పట్టడం బజారు కాయలతో పట్టడం కంటే కష్టం. బజారులో కావలసినన్ని కాయలు ఒక్కసారే దొరుకుతాయి. పెరటి చెట్టు రోజుకొక గుప్పెడు ఇస్తుంది. నా భయమంతా ఆ గుప్పెడు దగ్గరే ఉన్నది.

తడి తగలకూడదనీ, జాడీ కడిగి ఎండలో బాగా ఆరబెట్టాలనీ నీకు తెలిసిన సంగతే. కాయలు కోయబోయే ముందు రోజు కుండీలకు నీళ్లు తగ్గించు, మంచు ఆరిన తరువాతే కొయ్యి. మిరపపండ్లను తొడిమతోనే కడిగి, తుడిచి, నీడలో బట్ట మీద ఆరబెట్టి, ఆ తరువాతే తొడిమ తియ్యాలి. ముందే తీస్తే ఆ కన్నంలోంచి నీరు కాయ లోపలికి దిగుతుంది. పైకి ఎంత తుడిచినా ఆ నీరు పోదు, కంటికి కనిపించదు.

కొలత రాసిపెట్టుకో. తొడిమ తీసిన పండ్లు 1 కిలో అయితే, గింజ, పీచు తీసిన చింతపండు 250 గ్రాములు, కల్లుప్పు 200 నుంచి 250 గ్రాములు, పసుపు రెండు చెంచాలు. అన్నీ కచ్చాపచ్చాగా తొక్కి జాడీలో అదిమి పెట్టి, మూడో రోజున తీసి మళ్లీ రుబ్బి, దోరగా వేయించిన మెంతుల పొడి కలుపుకోవాలి. తిరగమోత మాత్రం ఎప్పటికప్పుడు వాడుకునే మేరకే వేసుకో. ఉప్పును గిన్నెతో కొలవకు, కాటా మీద తూచు. గిన్నెడు కల్లుప్పు, గిన్నెడు మెత్తని ఉప్పు ఒకే బరువు తూగవు.

ఇక మీ అమ్మ సంగతి. తను నీకు ఎన్నడూ చెప్పి ఉండదు, అడిగితే రాయమన్నది కనుక రాస్తున్నాను. కొత్తగా కాపురానికి వెళ్లినప్పుడు వాళ్ల అద్దె ఇంటి పెరట్లో మిరప చెట్లు విరగకాసేవి. సంక్రాంతి ముందు మొదటి కాపుతో మీ అమ్మ కొరివికారం, అదే పండుమిరప పచ్చడి, పట్టింది. ఆ పచ్చడి నేను తిన్నాను, దానికి వంక పెట్టడానికి లేదు. ఆ తరువాత రోజూ సాయంత్రం పండిన నాలుగైదు కాయలు కోసి, రోట్లో వేసి, చేతికి వచ్చినంత ఉప్పుతో నూరి, అదే జాడీలో పైన కలపడం మొదలుపెట్టింది. చింతపండు వెయ్యలేదు, ముందే వేశాను కదా అనుకున్నది. అలా కలిపినప్పుడల్లా కాయలోని నీరు జాడీలోకి చేరింది, ఉప్పు, పులుపు పలచబడ్డాయి. పైకి తేలిన నూనె రోజూ గరిటెతో చెదిరింది. పారవేయడం ఇష్టం లేని పిల్ల. ఒక్క కాయ కూడా నేల రాలకూడదని దాని తాపత్రయం.

శివరాత్రి నాటికి నేను వెళ్లేసరికి మూత తియ్యగానే పుల్లని వాసన కొట్టింది, పచ్చడి బుడగలు కడుతున్నది. అంచుల వెంట తెల్లగా బూజు. పైపొర తీసేసి అడుగుది వాడుకుంటున్నామని చెప్పింది. మీ అన్నయ్య అప్పటికి ఇంకా చంటివాడు, రెండు రోజులుగా వాంతులు చేసుకుంటున్నాడు. వాడికి పచ్చడి పెట్టలేదని మీ అమ్మ ప్రమాణం చేసి చెప్పింది, దానివల్లనో కాదో ఎవరికీ తేలలేదు, వాడు కోలుకున్నాడు. కాని ఆ రాత్రి మీ అమ్మ వాడిని భుజాన వేసుకుని తెల్లవార్లూ తిరగడం నేను చూశాను. అందుకే ఇంతగా రాస్తున్నాను. బూజు పైన కనిపించినంతే ఉండదు, దాని పోగులు లోపలికి దిగి ఉంటాయి. పచ్చడిని కాపాడే పులుపును అది తినేస్తుంది, ఆ పులుపు తగ్గిన చోట వేరే క్రిములు పెరుగుతాయి. బూజు పట్టిన జాడీని ఎంత కష్టపడి పట్టినా సరే పారవెయ్యి. ఇందులో నా మాట జవదాటకు.

పచ్చడి జాడీ హుండీ కాదు, వచ్చినంత వేసుకుంటూ పోవడానికి. ఏ వాయికి ఆ వాయి విడిగా ఉండాలి. పండిన కాయలు చెట్టున కొన్ని రోజులు ఆగుతాయి, కోసినవి తడి లేకుండా గుడ్డసంచిలో ఫ్రిజ్‌లో మరికొన్ని రోజులు ఉంటాయి. 250 గ్రాములు జమ అయితే చాలు. 60 గ్రాముల చింతపండు, 55 నుంచి 60 గ్రాముల ఉప్పుతో చిన్న సీసా పట్టు, మీద తేదీ రాయి. చిన్న సీసాలు నాలుగు ఉంటే ఒకటి చెడినా మూడు మిగులుతాయి.

గోంగూరకు పేచీ లేదు, ఆకు ఆరి నూనెలో బాగా మగ్గితే నిలుస్తుంది. టమాటా ముక్కలను ఉప్పులో ఊరబెట్టి, రసం పిండేసి, ముక్కలను ఎండబెట్టి, ఆ రసంలోనే చింతపండు నానవేసి రుబ్బాలి. మబ్బు పట్టిన వారంలో ఆ పని పెట్టుకోవద్దు. దోసావకాయకు ప్రతి కాయా కొరికి చూడు. చేదు కాయ ఒక్కటి పడినా మొత్తం పాడవుతుంది. దోసావకాయ ఏడాది నిలిచేదీ కాదు, కొంచెంగా పెట్టి తొందరగా తినెయ్యండి.

నువ్వు నాటిన మిరప తేజ రకమని తెలిసి ఇంకొంచెం భయపడ్డాను, ఆ కారం చాలా తీవ్రం. వచ్చే ఏడు రెండు కుండీలలో వరంగల్ వైపు చపాటా విత్తనం వెయ్యి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన రకం అది, కండ, రంగు ఎక్కువ, కారం తక్కువ. రెండూ కలిపి పడితే పిల్లలు కూడా తినగలుగుతారు. ఈసారికి మాత్రం చేతులకు నూనె రాసుకుని తొడుగులు వేసుకో, మిక్సీ ఆపగానే మూత తియ్యకు, పిల్లను ఆ గదిలోకి రానివ్వకు. చెయ్యి మండితే నూనె రుద్ది, తరువాత సబ్బుతో కడుగు. ఉత్త నీళ్లకు ఆ మంట వదలదు. మంట తగ్గేవరకు కన్ను నలుపుకోకు, పాపను ఎత్తుకోకు.

మొదటి వాయి మూడో రోజున, తిరిగి రుబ్బే ముందు ఉప్పు చూసి నాకు ఫోను చెయ్యి. తక్కువైనదని అనుమానం కలిగితే ఆ రోజే కలుపుకోవచ్చు, నెల పోయాక కలిపి లాభం లేదు. ఉదయం తొమ్మిది దాటాక చెయ్యి, అంతకు ముందు పూజలో ఉంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ