అల్లుడి మస్టాంగ్ గురించి మేనమామ ఉత్తరం

హన్మకొండ

చిరంజీవి అల్లుడికి మేనమామ ఆశీర్వదించి వ్రాయునది.

దసరా నాడు పొద్దున మీ వాకిట్లో నీ ఎర్ర ఫోర్డ్ మస్టాంగ్ కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, మీ అమ్మ దాని ముక్కుకు పసుపు కుంకుమలు పెట్టినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. కొబ్బరి చిప్పలు ఇంకా లోపలికి పోకముందే నలుగురు తాళంచెవి అడిగారు. ఇస్తాననడానికి ధైర్యం చాలక, ఇవ్వననడానికి మొహమాటం అడ్డొచ్చి, పెట్రోలు లేదన్నావు. ముందు రోజు సాయంత్రమే ట్యాంకు నిండా పోయించుకొచ్చావని ఆ నలుగురిలో ఇద్దరికి తెలుసు. ఆ మాట ఇంకోసారి చెల్లదు. అందుకని, ముప్పై ఏళ్లకు పైగా ఇన్సూరెన్స్ సర్వేయరుగా పరాయి చేతుల్లో దెబ్బతిన్న కార్లకు లెక్కలు కట్టినవాడిగా, ఒకసారి నా సొంత కారును కూడా అట్లాగే పాడుచేసుకున్నవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎవరికీ ఇవ్వకు అని చెప్పబోవడం లేదు. అది చెప్పడానికి సులువే గాని మన ఇళ్లలో నడిచేది కాదు. తాళంచెవి ఇచ్చి దిగిపోకు, పక్క సీట్లో కూర్చో. అడిగినవాడు ఎంత దగ్గరివాడైనా, పోయేది సందు చివరిదాకే అయినా, మొదటిసారి నువ్వు లోపలే ఉండాలి.

1993లో నేను కాంటెస్సా కారు కొన్నాను. ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను, ఐదు గేర్లు, పొడుగాటి బానెట్. అది హన్మకొండ చౌరస్తాలో ఆగితే ఛాయ్ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకొని బయటికి వచ్చి చూసేవారు. మరుసటి ఏడు వేసవిలో నా బామ్మర్ది పరకాలలో స్నేహితుని పెండ్లికి పోవడానికి కారు అడిగాడు. నేను తాళంచెవి చేతిలో పెట్టి, జాగ్రత్త అన్నాను. జాగ్రత్త అన్నంత మాత్రాన ఎదుటివాడికి కొత్తగా ఏమీ తెలియదన్న సంగతి నాకు అప్పటికి తట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు చీకట్లో రోడ్డు మీద పడి ఉన్న రాయి కింద తగిలి, ఇంజను అడుగున నూనె ఉండే ఆయిల్ చాంబర్ పగిలింది. మీటర్ల మధ్య నూనె డబ్బా బొమ్మతో ఎర్ర దీపం వెలిగింది. అతను దాన్ని చూశాడు, బ్యాటరీకి సంబంధించినదేమో, ఇంటికి పోయాక చెబుదామనుకున్నాడు. అట్లా మరో ఎనిమిది కిలోమీటర్లు నడిపాడు. గూడెప్పాడ్ దాటగానే ఇంజను పట్టేసింది.

పగిలిన చాంబర్‌కు పాలసీ డబ్బు వచ్చింది. నూనె లేకుండా నడిపినందువల్ల పట్టేసిన ఇంజను మాత్రం ప్రమాదంలో జరిగిన నష్టం కాదు, ప్రమాదం తర్వాత చేసిన పని వల్ల వచ్చిన నష్టం, కాబట్టి దానికి పైసా రాదు. ఈ వాక్యాన్ని అంతకుముందు నేనే ఎన్నో ఫైళ్లలో రాశాను. నా కారు చూడడానికి వచ్చిన తోటి సర్వేయరు కూడా అదే రాసి, నా మొహం చూడకుండా సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఎర్ర దీపం వెలిగితే ఉన్నచోటే ఆపి ఇంజను బంద్ చేయాలని చెప్పడానికి నాకు అర నిమిషం పట్టేది. నేను చెప్పలేదు, పైగా తప్పంతా అతనిదే అన్నట్టు నలుగురిలో మాట్లాడాను. ఇంజను మూడు నెలల్లో బాగైంది. బామ్మర్ది రెండు దసరాలు మా గడప తొక్కలేదు.

ఇక నీ కారు సంగతి. ఐదు లీటర్ల వి8 ఇంజను, దాదాపు 400 అశ్వశక్తి, అదంతా వెనుక చక్రాలకే పోతుంది. ఇంట్లో ఉన్న స్విఫ్ట్‌కు 90 కూడా పూర్తిగా లేదు. స్విఫ్ట్‌లో ఆర్టీసీ బస్సును దాటడానికి కాలు అడుగుదాకా తొక్కే అలవాటున్నవాడు అదే కాలితో దీన్ని తొక్కితే, తడి రోడ్డు మీద వెనుక భాగం పక్కకు తిరుగుతుంది. కంప్యూటరు చాలావరకు సర్దుతుంది గాని, చక్రాలు జారకుండా పట్టే ట్రాక్షన్ కంట్రోల్‌ను బటన్ నొక్కి సరదాకు ఆపేసినవాడిని అదీ కాపాడలేదు. అందుకని మోడ్ నార్మల్‌లోనే ఉండాలి, ఆ బటన్ జోలికి ఎవరూ పోకూడదు, వాన పడుతుంటే అసలు ఇవ్వకూడదు. ఫోర్డ్ కార్లలో మైకీ అనే ఏర్పాటు ఉంటుంది. దాంతో రెండో తాళంచెవికి వేగం హద్దు పెట్టవచ్చు. ఇతరుల చేతికి ఎప్పుడూ ఆ తాళంచెవే ఇవ్వు.

వేగం కంటే నన్ను ఎక్కువగా భయపెట్టేది ఎడమ కాలు. నీది క్లచ్ లేని ఆటోమేటిక్ కారు, మనవాళ్లలో చాలామంది క్లచ్ కార్లకు అలవాటుపడినవారు. నలభై ఏళ్లు క్లచ్ కార్లే నడిపిన నా మిత్రుడొకరు, కొడుకు కొన్న ఆటోమేటిక్ కారులో కాజీపేట బ్రిడ్జి దిగుతూ, వేగం తగ్గగానే అలవాటు కొద్దీ లేని క్లచ్ కోసం ఎడమ కాలు బలంగా తొక్కాడు. అక్కడున్నది వెడల్పాటి బ్రేకు. కారు నిలువునా ఆగింది, వెనుక వస్తున్న ఆటో డిక్కీని గుద్దింది. ఆయన నాతో అన్నది ఇప్పటికీ గుర్తుంది: "నేను బ్రేకు వేయలేదు, ఒట్టు." నిజమే, ఆయన లెక్కలో ఆయన వేసింది క్లచ్చే. అందువల్ల బండి కదలకముందే ఎదుటివాడి ఎడమ కాలును సీటు దగ్గరికి మడిచి పెట్టించు. సీటు, అద్దాలు సర్దించు, ఇంజను ఆపి ఉన్నప్పుడే గేరు, పార్కింగ్ బ్రేకు, ఎర్ర దీపాలు చూపించు. ఈ పది నిమిషాలకు విసుక్కున్నవాడికి ఇంకో రోజు చూద్దామని చెప్పవచ్చు.

స్పీడ్ బ్రేకర్ల గురించి నీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మన కాలనీల్లో వాటిని కొలిచి కట్టినవాడు ఎవడూ లేడు. నువ్వు ఏటవాలుగా ఎక్కిస్తావు, తెలియనివాడు నేరుగా ఎక్కిస్తాడు. బంపరు పగిలితే ఏమవుతుందో సర్వేయరు భాషలో చెబుతాను. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు మామూలు పాలసీలో సగం డబ్బే వస్తుంది. అరుగుదల కింద కోత లేకుండా ఇచ్చే జీరో డిప్రిసియేషన్ తీసుకుని ఉంటే తప్ప మిగతా సగం నీదే. 1500 సీసీ దాటిన కారు కాబట్టి ప్రతి క్లెయిమ్‌లో 2,000 రూపాయలు ముందే కోసేస్తారు. గుంతలో పడి టైరు ఒక్కటే పగిలి, కారుకు ఇంకేమీ కాకపోతే అసలు క్లెయిమే లేదు. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా కూడబెట్టిన 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, ఒక్క బంపరుతో పోతుంది, కాబట్టి చిన్న దెబ్బలకు సొంత డబ్బు పెట్టుకోవడమే లాభమని నేను చాలామందికి చెప్పాను. అన్నిటికంటే ముఖ్యం, ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ మానుకుంటానని 2021లో ప్రకటించింది, మస్టాంగ్ మొదటినుంచీ దిగుమతి కారే. విడిభాగం వచ్చేదాకా బండి షెడ్డులో ఉండాల్సిందే, డబ్బున్నంత మాత్రాన తొందరగా కాదు.

ఎక్కడ నడపనివ్వాలన్నదీ ఆలోచించు. పండుగ సాయంత్రం హంటర్ రోడ్డు మీద వద్దు. పొద్దున ఆరు గంటలకు మడికొండ దాటి హైదరాబాదు దారి పట్టు, అక్కడ నాలుగు వరుసల రహదారి ఉంది. కేంద్రం 2018లో అట్లాంటి రోడ్డు మీద కార్లకు గరిష్ఠ వేగం 100 కిలోమీటర్లుగా పెట్టింది, బోర్డు మీద అంతకంటే తక్కువ రాసి ఉంటే బోర్డుదే మాట. కెమెరా ఫోటో తీస్తే చలానా నడిపినవాడికి కాదు, నీ పేరున వస్తుంది. ఊళ్ల దారుల్లోకి మాత్రం ఈ రెండు నెలలు ఎవరినీ దింపనివ్వకు. వానకాలం కోతలు మొదలయ్యాయి, సగం రోడ్డు మీద వడ్లో మక్కలో ఆరబోసి ఉంటాయి. గింజల మీద వెడల్పాటి టైరు జారుతుంది. రాత్రయితే నల్ల పరదా కప్పి చుట్టూ రాళ్లు పెట్టిన కుప్ప దగ్గరికి వచ్చేదాకా కనబడదు. అట్లాంటి రాళ్లకు గుద్దిన బండ్లను చాలా చూశాను. రైతును అనడానికి నాకు నోరు రాదు, ఆరబోయడానికి అతనికి ఇంకో చోటు లేదు.

ఇప్పుడు మనుషుల గురించి. ఇంటర్ చదువుతున్న మీ పెద్దనాన్న కొడుక్కి ఖాళీ గ్రౌండు చుట్టూ ఒక్క రౌండ్ కూడా వద్దు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 199ఏ ప్రకారం మైనర్ నడిపి నేరం చేస్తే యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. ఏడిస్తే ఏడవనీ.

అమెరికా నుంచి వచ్చే నీ స్నేహితుడు, అక్కడ ఇదే కారు నడిపానంటాడు. అక్కడ అతను ఎడమ సీట్లో కూర్చుని నడిపాడు. ఇక్కడ కుడి సీట్లో కూర్చున్నాక అలవాటు కొద్దీ బండిని ఎడమకు లాగుతాడు, ఎడమ చక్రాలు రోడ్డు అంచు దిగుతాయి. అక్కడి లైసెన్సు ఒక్కటే ఇక్కడ సరిపోదు, దాంతోపాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఉండాలి, లేదా గడువు తీరని ఇక్కడి లైసెన్సు ఉండాలి.

లైసెన్సు చూపించమనడం అవమానమని అనుకోకు. సరైన లైసెన్సు ఉన్నవాడు నడిపితే నీ పాలసీ మామూలుగానే పనిచేస్తుంది, ఎవరికిచ్చినా ఇన్సూరెన్స్ చెల్లదన్న మాట అబద్ధం. లేనివాడికి ఇచ్చినందుకు నీ మీద 5,000 రూపాయల జరిమానా ఒక ఎత్తు, ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం కట్టి ఇన్సూరెన్స్ కంపెనీ తిరిగి నీ దగ్గర వసూలు చేయడం ఇంకో ఎత్తు. ఆ వసూలు కావాలంటే యజమాని నిర్లక్ష్యాన్ని కంపెనీ నిరూపించాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆ రోజు నువ్వు లైసెన్సు చూశావా లేదా అన్నదే ప్రశ్న. తప్పనిసరిగా తీసుకునే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమానికే, బండి నడిపే బామ్మర్దికి కాదని కూడా గుర్తుంచుకో. నువ్వు సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు కదా, యాజమాన్యం మారిన 14 రోజుల్లోపు పాలసీ నీ పేరుకు మార్చుకున్నావా? ముందు అది చూడు. తాగినవాడికి ఇవ్వకూడదని రాయడం కూడా అనవసరం. కాకపోతే మన దసరా, పెండ్లిళ్ల సాయంత్రాలు ఎట్లా ఉంటాయో తెలుసు కాబట్టి, ఆ రోజుల్లో తాళంచెవి మీ అమ్మ దగ్గర ఉంచు.

బరాత్‌కు అడుగుతారు, మాఘమాసంలో కనీసం ముగ్గురు అడుగుతారు. డీజే బండి వెనుక రెండు గంటలు అడుగు తీసి అడుగు వేసినట్టు పోవడం ఏ ఇంజనుకూ మంచిది కాదు. టేపుతో పూలు అంటిస్తారు, పీకితే రంగు మీద జిగురు మిగులుతుంది. పెండ్లికొడుకు స్నేహితులు బానెట్ మీదికి ఎక్కుతారు. నీ బానెట్ అల్యూమినియంది, ఇనుప రేకు మీద గుంత తీసినంత సులువుగా దాని మీద తీయలేరు. అది రెండు తలుపుల కారు కాబట్టి, పట్టుచీర కట్టుకున్న పెండ్లికూతురు వెనుక సీట్లోకి దూరేది ఎట్లాగో వాళ్లు ఆలోచించి ఉండరు, నువ్వే అడుగు. కాదనలేనంత దగ్గరివాళ్లయితే మండపం గేటు నుంచి రోడ్డు మలుపు దాకా నువ్వే నడుపు.

అడిగినవాళ్ల గురించే ఇంతసేపు రాశాను. అడగనివాళ్లు ఇంకా ముఖ్యం. మీ ఇంట్లో అందరికంటే నిదానంగా నడిపేది మీ అమ్మ, మా చెల్లె అని చెప్పడం లేదు, పదకొండేళ్లలో ఆమె స్విఫ్ట్‌కు ఒక్క గీత పడలేదు. ఆమెను ఎవరూ అడగలేదు. కోడలు పిల్లకు మాత్రం నేర్పి తీరాలి, నీకు రాత్రిపూట ఒంట్లో బాగా లేకపోతే ఆ బండిని గేటు బయటికి తీసేది ఆమే. మీ బాపు అయితే కమాండర్ జీపు, ట్రాక్టరు నడిపిన మనిషి. దసరా నాడు అందరూ సెల్ఫీలు దిగి లోపలికి పోయాక, ఆయన ఒక్కడే కండువాతో అద్దం మీద పడ్డ కుంకుమ తుడిచి, కిటికీలోంచి స్టీరింగును చూసి వెళ్లాడు. ఆయన అడగడు. నువ్వే తాళంచెవి చేతిలో పెట్టు, ఎడమ కాలు సంగతి మాత్రం మరచిపోకు.

ఇచ్చే ముందు మనసులో ఒక లెక్క వేసుకో. ఇతని చేతిలో బంపరు పగిలితే నేను ఏమంటాను? నవ్వి ఊరుకోలేనని అనిపిస్తే అతనికి ఇవ్వకు, పక్కన కూర్చోబెట్టుకుని నువ్వే తిప్పు. ఇచ్చాక దెబ్బ తగిలితే మొదట మనిషిని చూడు, తర్వాత బండి కింద నూనె కారుతుందేమో చూడు, కారుతుంటే స్టార్ట్ చేయకుండా టోయింగ్ బండిని పిలువు. ఖర్చెంతన్నది ఆ రోజు అతని ముందు ఎత్తకు.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి మీ బాపును తీసుకుని బయలుదేరితే, దారిలో మా ఇంటి ముందు ఆగు. వెనుక సీట్లో నా మోకాళ్లు పట్టవని తెలుసు, ఘన్‌పూర్ దాకా ఓర్చుకుంటాను. తిరిగి వచ్చేటప్పుడు ఒక పది కిలోమీటర్లు నాకివ్వు. దసరా నాడు అడిగిన నలుగురిలో నాలుగోవాడిని నేనే కదా. లైసెన్సు మొన్ననే రెన్యువల్ చేయించాను, జేబులో పెట్టుకుని వస్తాను.

ఆశీస్సులతో
మీ మేనమామ