ఇరవై పేజీలు రాసుకున్నా, ఎవరూ వినట్లేదు!

ప్రశ్న: అన్నా, కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌లో ఆదివారాలు ఐదుగురం డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (తలో పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ మాటలతోనే కథ నడిపే ఆట) ఆడుతున్నాం. గేమ్ మాస్టర్‌ని, అంటే కథ నడిపించేవాణ్ని, నేనే. గోల్కొండ మీద ఇరవై పేజీల కథ రాసుకున్నా. వాళ్లేమో దర్బారుకు పోకుండా, ఫతే దర్వాజా దగ్గర నేను ఊరికే పెట్టిన గుర్రాల దాణా అమ్మే ముసలాయన్ని పట్టుకుని, పేరేంటి, పిల్లలెందరు అంటూ రెండు గంటలు కూర్చున్నారు. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: తమ్ముడూ, రెండు గంటలు కూర్చున్నారంటే ఆట బాగా నడిచినట్టే కదా! తప్పల్లా ఆ ఇరవై పేజీలది. కథ నువ్వే రాసేస్తే వాళ్లకి ఆడటానికి ఏం మిగులుతుంది? ఎవరికి ఏం కావాలి, ఎవరూ అడ్డు పడకపోతే ఏం జరుగుతుంది, ఈ రెండూ రాసుకో చాలు. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు కోట బయట కాపు కాస్తే, చివరికి లోపలివాడే ఒకడు రాత్రిపూట తలుపు తీశాడు. నీ ఆటలో ఆ మనిషి ఎవరన్నది నీకు తెలిస్తే చాలు, అర్ధరాత్రి గుర్రాలకి దాణా కొన్నది ఎవరో ఆ ముసలాయన నోటే చెప్పించొచ్చు. అదే ఆనవాలు ఇంకో రెండు చోట్ల కూడా పెట్టు, ఒకటి వాళ్ల కళ్లబడకపోయినా ఇంకొకటి దొరుకుతుంది. పది పేర్లు ఓ చీటీ మీద రాసి పెట్టుకో, పేరేంటని అడిగినప్పుడు నీళ్లు నమలక్కర్లేదు.

పాచికల సంగతీ చెప్తాను, నేనే దెబ్బతిన్నా కాబట్టి. ఒకసారి అసలు రహస్యమంతా తాళం వేసిన గదిలో దాచి, తాళం తీయడానికి 15 రావాలన్నాను. తన పాత్ర నేర్పుకి పడిన అంకెకి 3 కలుపుకునేవాడికి (+3) ఇరవై ముఖాల పాచిక మీద 12 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి, అంటే నూటికి 45 పాళ్లే అవకాశం. నలుగురూ వేశారు, నలుగురికీ పడలేదు. నలభై నిమిషాలు తలుపు ముందే! సమోసాలు చల్లారిపోయాయి, నా మొహమూ అంతే. అప్పటినుంచి, ఓడినా కథ కదిలే చోటే పాచిక వేయిస్తున్నా. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే కిలోమీటరు అవతల కొండమీదున్న బాలా హిసార్‌లో వినిపిస్తుంది కదా, దాన్నే వాడుకో. దొంగచాటుగా లోపలికి పోయేవాడికి తక్కువ పడిందనుకో, పోనివ్వు, కానీ పైన ఎవరికో వినిపించింది.

ప్రశ్న: మా బృందంలో ఒకబ్బాయి అందరి వంతూ తనే మాట్లాడేస్తాడు, ఒకమ్మాయి నోరే విప్పదు. ఎలా అండీ? (సైనిక్‌పురి నుంచి)

జవాబు: 'నువ్వు కూడా ఏదైనా చెప్పు' అని మాత్రం అనకండి, టెన్షన్ పెరిగి ఇంకా ముడుచుకుపోతుంది. ఆమె పాత్రని పేరు పెట్టి పిలిచి, 'నీ గుర్రం బెదిరింది, ఏం చేస్తావ్?' అని అడిగి, పది సెకన్లు ఆగండి. ఆ పది సెకన్లు మీకే కష్టం. అబ్బాయికేమో యుద్ధంలో ఎవరి తర్వాత ఎవరో రాసిపెట్టే పని అప్పగించండి, పక్కవాళ్ల వంతు ఎప్పుడొస్తుందో అతనే చెప్పాల్సి వస్తుంది. ఆమెకి వినడమే ఇష్టమేమో, ఆట అయ్యాక విడిగా అడగండి. అదే నిజమైతే వదిలేయండి.

ప్రశ్న: పుస్తకాలన్నీ కొనాలా?

జవాబు: అక్కర్లేదు. ఈ ఆట ఐదో ఎడిషన్ మూల నియమాలు 2023లో క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్సు కింద ఉచితంగా పెట్టేశారు, దించుకోండి. పాచికలు ఫోన్‌లోనూ వేసుకోవచ్చు. ఇరవై ముఖాలది ఒక్కటైనా కొనుక్కుంటే మంచిది, సోఫా కిందికి దొర్లినప్పుడు వెతకడానికి ఓ టార్చ్ కూడా.