గుర్తుల మీద ఏవగింపు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. నాజీల స్వస్తిక కనబడితే ఉలిక్కిపడే మనుషులు, సుత్తీ కొడవలి ముద్రించిన చొక్కాను చూసి ఎందుకు ఊరుకుంటారని అడిగావు. ప్రశ్న మంచిదే, కాని జవాబును మృతుల లెక్కలో వెతికావు. లెక్కే కారణమైతే, 1937, 38 సంవత్సరాలలోనే, తన సొంత దస్తావేజుల ప్రకారం 6,80,000 మందికి పైగా కాల్చి చంపిన స్టాలిన్ ప్రభుత్వపు గుర్తును ఎవరూ సరదాకు తొడుక్కునేవారు కారు.

ముందు ఎవరు ఓడారో చూడు. 1945లో నాజీ రాజ్యం కూలింది, పార్టీ రద్దయింది, బతికి దొరికిన నాయకులు న్యూరెంబర్గ్‌లో బోనెక్కారు, వారి కాగితాలే వారిమీద సాక్ష్యం చెప్పాయి. ఆ న్యాయపీఠం మీద సోవియట్ న్యాయమూర్తులూ కూర్చున్నారు. పైగా 1940లో రష్యాలోని కాటిన్ అడవిలో పోలండ్ సైనికాధికారులను సోవియట్లు తామే చంపి, ఆ నేరాన్ని న్యూరెంబర్గ్ విచారణలోనే జర్మన్ల నెత్తిన రుద్దబోయారు. అది తమ పనేనని మాస్కో ఒప్పుకున్నది 1990లో. ఓడినవారు బోనెక్కారు, గెలిచినవారు న్యాయపీఠమెక్కారు: నా దృష్టిలో అన్నిటికన్నా బరువైన కారణం ఇదే. నీ వ్యాసంలో దీనికి ఒక్క వాక్యమైనా లేదు.

ఇక గుర్తు మోసే అర్థాలు. నాజీ జెండాలోంచి జాతిద్వేషాన్ని తీసేస్తే చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. కమ్యూనిస్టుల మరో గుర్తయిన ఎర్ర నక్షత్రం కింద గులాగ్ అనే నిర్బంధ శ్రమ శిబిరాలను నడిపినవారూ ఉన్నారు, నాజీల ఆష్విట్జ్ మృత్యుశిబిరం ఖైదీలను విడిపించిన సైనికులూ ఉన్నారు, కూలి కోసం సమ్మె కట్టిన కార్మికులూ ఉన్నారు. ఆ నక్షత్రాన్ని ధరించినందుకు హంగరీలో పడిన శిక్షను యూరప్ మానవహక్కుల న్యాయస్థానం 2008లో తప్పుపట్టినప్పుడు, దానికి ఒకటికి మించిన అర్థాలున్నాయన్న వాదానికి విలువ ఇచ్చింది. అయితే ఈ వాదాన్ని జాగ్రత్తగా వాడు. అమెరికాలో బానిసత్వం కోసం పోరాడిన కాన్ఫెడరేట్ సేనల జెండాను సమర్థించేవారు కూడా అది తమ వారసత్వమనే అన్నారు. నల్లజాతివారి అభ్యంతరం ఏనాటినుంచో ఉన్నదే. కాని 2015లో చార్లెస్టన్ చర్చిలో తొమ్మిది మందిని ఒక శ్వేతజాతి దురహంకారి కాల్చి చంపేదాకా సౌత్ కరోలినా శాసనసభ ఆవరణలోంచి ఆ జెండా దిగలేదు. ఒక గుర్తుకు ఎన్ని అర్థాలుండవచ్చో తేల్చేది, చాలాసార్లు, దాని దెబ్బ తిన్నవారు కారు.

చట్టాలను ఉటంకించేటప్పుడు కూడా తొందర వద్దు. జర్మనీ శిక్షాస్మృతిలోని 86ఎ సెక్షన్ నాజీ గుర్తుల ప్రదర్శనను శిక్షిస్తుంది గాని బోధనకూ కళకూ పరిశోధనకూ మినహాయింపు ఇస్తుంది. నువ్వు రాసినట్టు అది సంపూర్ణ నిషేధం కాదు.

తిరగరాసేటప్పుడు ఆ మృతుల పట్టికను తీసేయి. నాజీ, సోవియట్ పాలనలు రెండింటినీ అనుభవించిన లిథువేనియా 2008లో రెండింటి గుర్తులనూ కలిపే నిషేధించింది. ఫాసిజంతో కమ్యూనిస్టులు తుపాకీ పట్టి పోరాడిన ఇటలీలో సుత్తీ కొడవలి ఎన్నికల బ్యాలెట్ మీద కూడా కనబడింది. ఈ రెండు దేశాలనే పక్కపక్కన పెట్టి, ఒకే గుర్తుకు ఇంత తేడా ఎట్లా వచ్చిందో రాసి పంపు.