టూపాక్ పాటల్ని ఆల్బమ్‌లుగా సర్దడం ఎలా?

ప్రశ్న: అమెరికన్ ర్యాపర్ టూపాక్ బతికుండగా విడుదల కాని పాటలు నా దగ్గర కుప్పగా పడున్నాయి. నేను వినడానికి ఆల్బమ్‌లుగా ఎలా కూర్చుకోవాలి?

జవాబు: ముందు రికార్డు చేసిన కాలాన్ని బట్టి విడదీయండి. 1995 అక్టోబరులో జైలు నుంచి బయటికొచ్చి డెత్ రో అనే రికార్డు కంపెనీలో చేరాక ఆయన గొంతులో కసి వేరు, 1993 నాటి పాటల తీరు వేరు, రెండూ కలిపితే అస్సలు అతకవు. ఒకే పాట నాలుగు రకాలుగా దొరికితే ఒరిజినల్ బీట్ ఉన్నదే ఉంచండి. 2004లో వచ్చిన 'లాయల్ టు ద గేమ్' ఆల్బమ్‌లో మరో ర్యాపర్ ఎమినెమ్ టూపాక్ పాత గొంతుకి కొత్త బీట్లు కట్టి, కొన్నిచోట్ల గొంతు వేగం కూడా మార్చాడు, నాకైతే అక్కడ టూపాక్ దూరమైపోయినట్టే అనిపిస్తుంది. ఇంకోటి, తన చరణాల్ని ఆయనే వేరే పాటల్లో మళ్లీ వాడుకునేవాడు, కాబట్టి అలాంటి జంట పాటల్ని ఒకే ఆల్బమ్‌లో పెట్టొద్దు.